కొండంత ముఖాలు: నగరపు మామూలు మనుషుల వీడియో కళ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏమిటి ఈ కళ?

ఒక నగరంలో బతికే మామూలు మనుషులను వీడియో తీస్తారు. ఆ బొమ్మలను పార్కులోనో, కూడలిలోనో, భవనం గోడమీదో పదుల అడుగుల ఎత్తున చూపిస్తారు. టికెట్టు ఉండదు, తలుపు ఉండదు. చూడాలని బయలుదేరినవారూ చూస్తారు, బస్సు కోసం నిలబడినవారూ చూస్తారు. తెరమీద ఉన్నది నర్సు కావచ్చు, బడిపిల్ల కావచ్చు, పింఛను తీసుకుంటున్న ముసలాయన కావచ్చు. వాళ్లు మీకు ఏదీ అమ్మరు, ఓటు అడగరు, మహా అయితే కళ్లార్పుతారు.

పెద్ద తెర ఉంటే చాలు, అది కళ అయిపోతుందా?

కాదు. ఆటల పోటీ ప్రసారానికీ, కొత్త సంవత్సరపు లెక్కింపుకూ కూడా పెద్ద తెరలు పెడతారు. భారీ పరిమాణం ఎప్పటినుంచో ఉన్నదే. ఇంతకాలం అది కొందరి సొత్తుగా ఉండేది. దేవుళ్లు, రాజులు, సేనాధిపతులు, నాయకులు, సినిమా తారలు, సబ్బులు అమ్మే అందగత్తెలు: నగరంలో తలెత్తి చూడాల్సిన ముఖాలన్నీ వీళ్లవే. మిగిలినవాళ్లందరూ తలెత్తి చూసేవాళ్లు. ఈ కళ చేసేది ఆ వరుసను తిప్పడమే.

అయితే పెద్దది చేయడం సులువు, డబ్బుంటే ఎవరైనా చేస్తారు. పెద్దదయ్యాక కూడా ఆ మనిషి ఆ మనిషిగానే మిగిలాడా, లేక నగరపాలక సంస్థ ప్రచారానికి అలంకారమయ్యాడా అన్నది తేల్చడం కష్టం. కింద వచ్చే జవాబుల్లో చాలావరకు ఈ ఒక్క సందేహం చుట్టూనే తిరుగుతాయని ముందే చెప్పేస్తున్నాను.

మొదట ఏ రచన గురించి తెలుసుకోవాలి?

అమెరికాలోని షికాగో నగరంలో, మిలీనియం పార్కులో ఉన్న క్రౌన్ ఫౌంటెన్ గురించి. 2004 జులైలో దాన్ని ప్రారంభించారు. రూపకర్త జౌమె ప్లెన్సా. 1955లో స్పెయిన్‌లోని కటలోనియా ప్రాంతంలో, బార్సిలోనాలో పుట్టిన శిల్పి. నిర్మాణపు పనిలో షికాగోకు చెందిన క్రూక్ అండ్ సెక్స్‌టన్ అనే ఆర్కిటెక్టుల సంస్థ ఆయనకు తోడుగా నిలిచింది.

నల్ల గ్రానైటు పరిచిన, పాదం మునగనంత పలుచని నీటి మడుగు. దానికి రెండు కొసల్లో ఎదురుబొదురుగా రెండు గాజు గోపురాలు, ఒక్కొక్కటి 50 అడుగుల ఎత్తు. లోపలి వైపు గాజు ఇటుకల వెనుక ఎల్‌ఈడీ దీపాల తెర. ఆ తెర నిండా ఒక ముఖం, ఎదుటి గోపురంలో మరో ముఖం. ఇద్దరూ షికాగో పౌరులే. నెమ్మదిగా చూస్తారు, రెప్ప వేస్తారు, పెదాలు ముడుస్తారు. అంతలో నోట్లోంచి నీళ్లు ధారగా దూకుతాయి. కింద కాచుకుని ఉన్న పిల్లల కేకలు పార్కంతా వినిపిస్తాయి.

ఆ ఇటుకల గురించి ఒక మాట. మామూలు గాజులో ఇనుము కలిసి ఉంటుంది కాబట్టి మందం పెరిగేకొద్దీ ఆకుపచ్చ ఛాయ వస్తుంది. దాని వెనుక ముఖం పెడితే మనిషి జబ్బుపడినట్టు కనబడతాడు. అందుకే ఇనుము పాలు బాగా తక్కువగా ఉన్న తెల్లగాజుతో ఇటుకలు పోయించారు. చూసేవాడికి ఈ సంగతి తెలియాల్సిన పనిలేదు. కానీ వేల ఇటుకల అవతల ఒక ముసలమ్మ చర్మం చర్మంలాగే కనబడుతోందంటే కారణం ఇదే.

ఆ ముఖాలు ఎవరివి? ఎలా ఎంచుకున్నారు?

నటులు కారు, ప్రముఖులు అంతకన్నా కారు. నగరంలోని రకరకాల జాతి, మత, సామాజిక సంఘాలను సంప్రదించి, రాగలిగినవారిని పిలిపించుకున్నారు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు అనుబంధంగా ఉన్న కళాశాల అధ్యాపకులు, విద్యార్థులు చిత్రీకరణ బాధ్యత తీసుకున్నారు. 1,051 మందిని తీస్తే 960 వీడియోలు పనికొచ్చాయి. వాడుకలో అందరూ వెయ్యి ముఖాలనే అంటారు.

పనికిరాకపోవడానికి కారణం అందం కాదు, కొలత. నీళ్లు దూకే గొట్టం గోపురంలో ఒకేచోట స్థిరంగా ఉంటుంది. ఎవరి ముఖమైనా నోరు సరిగ్గా అక్కడికే రావాలి. పొడవాటి ముఖం, గుండ్రటి ముఖం, పసిముఖం, ఏదైనా సరే. అందుకే ఎత్తు సరిచేసుకోగల కుర్చీలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కెమెరాకు నోరు ఒకే స్థానంలో కుదిరేలా చూసుకుని తీశారు. తల కాస్త కదిలినా నీళ్లు గడ్డంలోంచి వచ్చినట్టు కనబడతాయి. మామూలుగా ఫొటో తీసేవాళ్లు కళ్లను చూసి కూర్పు చేస్తారు. ఇక్కడ నోరే కేంద్రం కావడం నాకు భలే నచ్చిన విషయం.

గోపురం మీద వాళ్ల పేర్లు ఉండవు. దీన్ని కొందరు లోపమంటారు. నగరంలో రోజూ మనకు ఎదురయ్యే ముఖాలకు పేర్లు ఉంటాయా అని మరికొందరు అడుగుతారు. నా మనసు రెండో పక్షం వైపే మొగ్గుతుంది, పూర్తిగా కాకపోయినా. తెలియని మనిషిని తెలియని మనిషిగానే ఐదు నిమిషాలు చూడనిచ్చే చోట్లు నగరంలో చాలా తక్కువ.

ఐదు నిమిషాలా? ఒక్కో ముఖానికి అంత సేపు ఎందుకు?

తీసింది 80 సెకన్లే. అందులో 40 సెకన్ల భాగాన్ని మూడో వంతు వేగంతో నడిపితే రెండు నిమిషాలవుతుంది. దాన్నే మళ్లీ వెనక్కి నడుపుతారు కనుక నాలుగు నిమిషాలు. తర్వాత పెదాలు ముడిచే ఘట్టం 15 సెకన్లు, నీళ్లు దూకేది 30 సెకన్లు, చివర చిరునవ్వు 15 సెకన్లు. లెక్క సరిగ్గా ఐదు నిమిషాలకు కుదిరింది.

మామూలు వేగంలో ముఖకవళికలను మనం చదివేస్తాం: నవ్వాడు, విసుక్కున్నాడు, అయిపోయింది. మూడింతలు నెమ్మదిస్తే అలా చదవడం కుదరదు. నవ్వు రాకముందు చెంపలో జరిగేది కనబడుతుంది, రెప్ప వాలడం ఒక సంఘటన అవుతుంది. వెనక్కి నడిపినా తేడా తెలియకపోవడం ఇంకో వింత. నడకనో, నీటినో వెనక్కి తిప్పితే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. ఊరికే కూర్చుని చూస్తున్న ముఖానికి ముందూ వెనుకా ఉండవు.

నోట్లోంచి నీళ్లేమిటి? వెక్కిరింతలా లేదా?

మొదటిసారి వింటే అలాగే అనిపిస్తుంది. ఐరోపాలోని పాత చర్చీల చూరుల్లో వింత జంతువుల తలలు, రాక్షసుల తలలు చెక్కి, వాన నీరు వాటి నోళ్లలోంచి కిందకు పోయేలా చేసేవారు. పాత కూడళ్లలోని ఫౌంటెన్లలో కూడా రాతి ముఖాలే నీళ్లు పోస్తాయి. ప్లెన్సా తీసుకున్నది ఆ సంప్రదాయాన్నే. రాక్షసుడి స్థానంలో పక్కింటి మనిషిని పెట్టాడు, అంతే తేడా.

ఇందులో హాస్యం ఉంది, ఉండాలి కూడా. సామాన్యులను గౌరవించే కళ అనగానే అందరి ముఖాలూ స్మారక స్తూపంలా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. నీళ్లు ఉమ్మే బామ్మగారు ఆ ప్రమాదంనుంచి మనల్ని కాపాడుతుంది. తమాషా ఏమిటంటే, చాలామంది ఈ రచనను వీడియో కళగా కాక, పిల్లలు తడవడానికి వెళ్లే చోటుగా గుర్తుపెట్టుకుంటారు. అందులో నాకు చిన్నచూపేమీ కనబడదు.

చలికాలంలో పనిచేస్తుందా?

నీళ్లు మే నుంచి అక్టోబరు దాకా, వాతావరణం అనుకూలిస్తే. తెరమీది ముఖాలు ఏడాది పొడవునా ఉంటాయి.

ప్రముఖ నటులతో చేయిస్తే జనం ఎక్కువ చూస్తారు కదా?

చూస్తారు. చేసినవారున్నారు కూడా. 2007 జనవరి, ఫిబ్రవరి నెలల్లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ బయటి గోడలమీద డగ్ ఐట్కెన్ ‘స్లీప్‌వాకర్స్’ అనే రచనను చూపించాడు. రాత్రి పనికి లేచే ఐదుగురు నగరవాసుల కథ. సైకిలు మీద ఉత్తరాలూ సామానూ చేరవేసే కుర్రాడు, ఎలక్ట్రీషియన్, తపాలా ఉద్యోగి, వ్యాపారి, ఆఫీసు ఉద్యోగిని. ఆఫీసు ఉద్యోగినిగా టిల్డా స్వింటన్, వ్యాపారిగా డొనాల్డ్ సదర్లండ్ నటించారు.

చూడడానికి గొప్పగా ఉందనడంలో సందేహం లేదు. కానీ కింద కాలిబాట మీద నిజంగానే రాత్రి పనికి పోతున్న మనిషి తలెత్తి చూస్తే, తన వేషంలో ఉన్న తార కనబడుతుంది. అది నగరజీవితం గురించిన సినిమా. ఈ పేజీలో మాట్లాడుకుంటున్న కళకు దగ్గరి చుట్టమే గాని, అదే మాత్రం కాదు.

ముఖాలు చూపిస్తే సరిపోతుందా? వాళ్ల మాట వినవద్దా?

ఈ ప్రశ్నకు జవాబుగా క్రిష్టోఫ్ వొడిచ్కో పనిని చూపించాలి. 1943లో వార్సాలో పుట్టిన కళాకారుడు. స్మారక చిహ్నాల మీద, ప్రభుత్వ భవనాల మీద బొమ్మలు ప్రొజెక్ట్ చేయడం ఆయన పద్ధతి. 1998లో బోస్టన్ నగరంలోని బంకర్ హిల్ స్తూపాన్ని ఎంచుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో 1775 నాటి యుద్ధానికి గుర్తుగా కట్టిన 221 అడుగుల రాతి స్తూపం అది. చుట్టూ ఉన్న చార్ల్స్‌టౌన్ ప్రాంతంలో చాలాకాలం హత్యలు జరిగేవి, సాక్షులు నోరు విప్పేవారు కారు. హతుల తల్లులూ కుటుంబాలవారూ మాట్లాడుతుండగా తీసిన వీడియోను ఆయన ఆ స్తూపం మీద వేశాడు. వీరుల స్తూపమే తల్లి అయి మాట్లాడింది.

2001లో మెక్సికో సరిహద్దు నగరం తిహువానాలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. అక్కడి సాంస్కృతిక కేంద్రంలో గోళాకారపు సినిమాశాల ఉంది. ఎగుమతి సరుకు తయారుచేసే ఫ్యాక్టరీలలో పనిచేసే స్త్రీలు, తలకు తగిలించుకున్న చిన్న కెమెరా, మైకులతో జనం మధ్యకు వచ్చారు. రెండు రాత్రులు వాళ్ల ముఖాలు ఆ గోళం నిండా కనిపించాయి. ఇంట్లో హింస, పనిలో వేధింపు, మద్యం కూల్చిన సంసారాలు, అన్నీ చెప్పారు. అప్పటికప్పుడు, అందరి ముందూ.

దీన్ని సంబరం అనలేం. అయినా ఈ పేజీలో దీనికి చోటు ఉండాలని నా పట్టుదల. సామాన్యుల కళ అంటే నవ్వు ముఖాల కళ అని స్థిరపడిపోతే, నగరాలు తమకు ఇష్టమైన సామాన్యులనే చూపిస్తాయి. ఇందులోని చిక్కును దాచడం కూడా సరికాదు. పేరు పెట్టి గొంతెత్తినవాడు అక్కడే ఉంటాడు, రేపు ఆ వీధిలోనే నడవాలి. ముఖం 60 అడుగులైతే దాక్కునే చోటు ఉండదు. అందువల్ల ఇలాంటి పనిలో చిత్రీకరణకు ముందు నెలల తరబడి మాటలు, తోడుగా స్థానిక సంఘాలు, వద్దనుకుంటే చివరి నిమిషంలో తప్పుకునే వీలు, ఇవన్నీ ఉండాలి. 1999లో హిరోషిమాలో వొడిచ్కోయే వేరే దారి తీసుకున్నాడు. అణుబాంబు శిథిల భవనం కింద, నది గట్టు మీద మాట్లాడేవారి చేతులను మాత్రమే చూపించాడు. గొంతు వినబడుతుంటే ముఖం అవసరమే లేకపోయింది.

చూసేవారు కూడా పాల్గొనే రచనలు ఉన్నాయా?

ఉన్నాయి, అందులో ముందుగా చెప్పాల్సింది రఫాయెల్ లొసానో-హెమర్. మెక్సికో నగరంలో పుట్టి కెనడాలో స్థిరపడ్డాడు. 2001లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో ఒక కూడలిలో ‘బాడీ మూవీస్’ ప్రదర్శించాడు. వీధుల్లో తీసిన మనుషుల ఫొటోలను సినిమాహాలు గోడమీద వేసి, వాటిమీద నేలనుంచి బలమైన దీపాలు వేశాడు. ఆ వెలుగుకు ఫొటోలు మాయమైపోయాయి. కూడలిలో నడిచే మనిషి నీడ గోడమీద పడితే, ఆ నీడలో మాత్రం ఫొటో కనబడుతుంది. దీపానికి దగ్గరగా వస్తే నీడ 25 మీటర్లు, దూరంగా పోతే రెండు మీటర్లు. గోడమీది మనుషులందరినీ నీడలు కప్పగలిగితే కొత్త మనుషులు వస్తారు. పక్కపక్కన నిలబడ్డ అపరిచితులు మాట్లాడుకోకుండానే ఒకరికొకరు సాయం చేసుకోవడం మొదలుపెట్టారు, కొందరు పెద్ద నీడతో చిన్న నీడను పట్టుకున్నట్టు ఆడారు.

ఇది ఫొటోల పని కదా, వీడియో ఎక్కడ అంటారా? 2005లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్ నగరాల కోసం ‘అండర్ స్కాన్’ చేశాడు. లెస్టర్, డెర్బీ, నాటింగ్‌హామ్ వంటి నగరాల్లో వెయ్యిమందికి పైగా స్థానికులను తీశారు. కెమెరా ముందు ఎలా ఉండాలో వాళ్లిష్టానికే వదిలేశారు. ఆ వీడియోలు నేలమీద, నడిచేవారి నీడలోనే మేల్కొంటాయి. మీరు ఆగితే ఆ మనిషి మీ కళ్లలోకి చూస్తాడు. మీరు కదిలితే చూపు తిప్పుకుంటాడు, మాయమవుతాడు. 2008లో దీన్ని లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లోనూ పెట్టారు. చుట్టూ సేనాధిపతుల విగ్రహాలు ఆకాశం చూస్తుంటే, కింద నేలమీద మామూలు మనిషి మీ కాళ్ల దగ్గరినుంచి మిమ్మల్ని చూస్తాడు. పెద్దగా చూపించడమంటే ఎత్తుగా నిలబెట్టడమే కానక్కరలేదని తేల్చిన రచన ఇది.

ఒక్కొక్కరిని కాక, నగరాన్నంతా ఒకే చిత్రంలో చూపించవచ్చా?

ఫ్రెంచి కళాకారుడు జేఆర్ ప్రయత్నించాడు. 2018లో శాన్ ఫ్రాన్సిస్కోలో 22 చోట్ల ఒక లారీనే స్టూడియోగా నిలిపి, 1,200 మందికి పైగా జనాన్ని తీశాడు. తమను ఎలా చూపించాలో వాళ్లనే అడిగాడు. అందరి మీదా ఒకే వెలుతురు. తర్వాత అందరినీ కలిపి, నెమ్మదిగా కదిలే ఒకే పొడవాటి కుడ్యచిత్రంగా కూర్చాడు. 2019లో అక్కడి ఆధునిక కళా మ్యూజియంలో, టికెట్టు లేకుండా చూడగలిగే భాగంలో అది తెరకెక్కింది. మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా కుడ్యచిత్రాలు దీనికి ప్రేరణ.

ఇల్లు లేనివాడూ, నగరంలో అధికారమున్నవాడూ ఒకే గీతమీద, ఒకే వెలుగులో ఉండడం దీని బలం. బలహీనతా అక్కడే ఉందనుకుంటాను. చిత్రంలో పక్కపక్కన ఉన్నవాళ్లు వీధిలో పక్కపక్కన ఉండరు. ఒక్కొక్కరి గొంతు విడిగా వినే ఏర్పాటు కూడా చేశారు కాబట్టి కొంత నయం. వినకుండా చూస్తూ పోతే మాత్రం పెద్ద పెళ్లి ఫొటోలా అందరూ బాగానే ఉన్నారనిపిస్తుంది.

ముఖం గుర్తుపట్టలేకుండా కూడా సామాన్యులను చూపించవచ్చా?

శాన్ ఫ్రాన్సిస్కోలోనే సేల్స్‌ఫోర్స్ టవర్ శిఖరాన, 1,000 అడుగులు దాటిన ఎత్తులో, జిమ్ క్యాంప్‌బెల్ 2018లో ‘డే ఫర్ నైట్’ ఏర్పాటు చేశాడు. నగరంలో పలుచోట్ల ఉన్న కెమెరాలు పగలు తీసిన దృశ్యాలు రాత్రి అక్కడ కనబడతాయి. దీపాలు 11,000 మాత్రమే. మీ చేతిలోని ఫోను తెరలో చుక్కలు అంతకు వంద రెట్లకు పైగా ఉంటాయి. పైగా ఆ దీపాలు బయటికి కాక, గోడవైపు తిరిగి ఉంటాయి. మనకు కనబడేది గోడమీద పడి తిరిగొచ్చిన మెత్తని వెలుగు. నడుస్తున్న మనిషి ఒక కదిలే మరకలా ఉంటాడు. అయినా అది మనిషి నడకే అని తెలిసిపోతుంది. ఎవరి అనుమతీ అడగకుండా నగరాన్ని తీయాలంటే ఇంత మసకగా తీయడమే మర్యాద అని నాకనిపిస్తుంది.

ఎల్‌ఈడీ తెర మంచిదా, ప్రొజెక్టర్ మంచిదా?

పని పగలు కూడా కనబడాలంటే ఎల్‌ఈడీయే. ఎండలో ప్రొజెక్టర్ వెలుగు నిలబడదు. ఎల్‌ఈడీలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం ముఖ్యం. ఆ దూరం ఎన్ని మిల్లీమీటర్లు ఉంటే చూసేవారు దాదాపు అన్ని మీటర్ల అవతల నిలబడాలి, లేకపోతే ముఖం చుక్కలుగా విడిపోతుంది. ఇది పనివాళ్ల అనుభవపు లెక్క, శాసనం కాదు.

రాత్రిపూట, కొద్దిరోజుల పాటు, ఉన్న భవనం మీద చూపించాలంటే ప్రొజెక్టర్ చవక. భవనానికి ఏ హానీ ఉండదు. కానీ గోడ సహకరించాలి. లేతరంగు రాయి, మెరుపులేని సున్నం బాగుంటాయి. అద్దాల భవనం మీద వేస్తే వెలుగు లోపలికి పోతుంది. కిటికీలు కళ్లమీద పడకుండా ముఖాన్ని అమర్చడం సొంతంగా ఒక విద్య. పెద్ద గోడకు ఒక్క యంత్రం చాలదు. షికాగో నది ఒడ్డున మర్చండైజ్ మార్ట్ భవనం మీద 2018లో మొదలైన శాశ్వత ప్రదర్శనకు 34 ప్రొజెక్టర్లు వాడారు.

కెమెరాలు, ముఖాలు అంటే నిఘా గుర్తుకు రాదా?

రావాలి. 2006 చివర్లో క్రౌన్ ఫౌంటెన్ గోపురాల మీద నగర యంత్రాంగం నిఘా కెమెరాలు బిగించింది. దేశ భద్రతా శాఖ నిధులతో నగరమంతా పెడుతున్న కెమెరాల్లో అవి భాగం. పౌరుల ముఖాలను ప్రేమగా చూపించే గోపురం నెత్తినుంచే పౌరులను కనిపెట్టే కళ్లు! జనం మండిపడ్డారు, కళాప్రేమికులు శిల్పం రూపం చెడిందన్నారు. త్వరలోనే వాటిని తీసేశారు. ఎవరినైనా పెద్దగా చూపించడానికీ, ఎవరినైనా రహస్యంగా చూడడానికీ మధ్య ఎంత సన్నని గోడ ఉందో ఆ ఉదంతం చెప్పినంత బాగా ఏ వ్యాసమూ చెప్పలేదు.

లొసానో-హెమర్ ఈ సంగతిని దాచడు. ‘అండర్ స్కాన్’లో ప్రతి ఏడు నిమిషాలకు బొమ్మలన్నీ ఆగిపోయి, నడిచేవారిని యంత్రం ఎలా వెంటాడుతోందో చూపించే గీతల వల నేలమీద పరుచుకుంటుంది. మిమ్మల్ని గమనిస్తున్నాం అని రచనే ఒప్పుకుంటుంది.

దీనికి డబ్బు ఎవరిస్తారు?

దాతలు, ప్రభుత్వాలు, కొన్నిసార్లు ప్రకటనల తెరల యజమానులు. క్రౌన్ ఫౌంటెన్‌కు కోటి 70 లక్షల డాలర్లయింది. అందులో కోటి డాలర్లు షికాగోలోని క్రౌన్ కుటుంబం ఇచ్చింది. పేరులోని క్రౌన్ అదే. వెయ్యిమంది సామాన్యుల ముఖాలున్న రచనకు ఒక సంపన్న కుటుంబం పేరు రావడంలోని వ్యంగ్యం మీరు పసిగట్టే ఉంటారు. కానీ ఆ డబ్బు లేకపోతే ఆ ముఖాలూ లేవు. న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో మరో పద్ధతి ఉంది. 2012 నుంచి రాత్రి 11:57కు అక్కడి ప్రకటనల తెరలు కొన్ని పదులు ఒకేసారి ఆగి, అర్ధరాత్రి దాకా ఒకే కళారచనను చూపిస్తాయి. రోజుకు మూడు నిమిషాలు. మిగతా రోజంతా ఎవరిదో మీకు తెలుసు.

ఎంతకాలం నిలుస్తాయి?

రాతి విగ్రహంలా నిలవవు. దీపాలు వెలుగు తగ్గుతాయి, రంగులు ఒకదానితో ఒకటి కలవకుండా పోతాయి, విడిభాగాల తయారీ ఆగిపోతుంది. ఇలాంటి కళ కాకపోయినా ఒక ఉదాహరణ చెబుతాను. దక్షిణ కొరియాలో నామ్ జూన్ పైక్ అనే కళాకారుడు 1988లో 1,003 టీవీలతో కట్టిన గోపురాన్ని, భద్రతా కారణాలతో 2018లో ఆపేశారు. మరమ్మతులు చేసి 2022లో మళ్లీ వెలిగించారు. పాత రకం టీవీలు దొరకక కొన్నిచోట్ల కొత్త తెరలు పెట్టారు. కట్టడానికి దాతలు దొరుకుతారు, ఏటేటా బాగుచేయడానికి దొరకరు. కొత్తగా ఇలాంటిది తలపెట్టే నగరం ప్రారంభోత్సవం ఖర్చుకన్నా ముందు ఇరవయ్యో ఏటి ఖర్చును లెక్క వేసుకోవాలి.

తెరమీది మనుషులు వయసు మళ్లుతారు, చనిపోతారు. అప్పుడు?

క్రౌన్ ఫౌంటెన్ ముఖాలను ఎప్పటికప్పుడు పెంచుతూ పోవాలన్నది మొదటి ఆలోచన. ఆ తర్వాత కొత్తవారిని చేర్చే పని సాగలేదు. అంటే అక్కడ కనబడేది ఇరవై ఏళ్లు దాటిన నాటి షికాగో. అప్పటి పసివాళ్లు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తుంటారు. అప్పటి ముసలివాళ్లలో చాలామంది లేకపోవచ్చు. కట్టినవారు కోరుకోకపోయినా, అది కొంత స్మారకమైపోయింది. ఎవరైనా వెళ్లి తమ తాతగారి ముఖం కోసం ఎదురుచూడవచ్చు. దొరకడం మాత్రం అదృష్టం. 960 ముఖాలు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు, రెండు తెరలు.

అందుకే అంగీకార పత్రంలో ఎంతకాలం, ఎక్కడెక్కడ, మనసు మారితే తీసేస్తారా, చనిపోతే కుటుంబాన్ని అడుగుతారా అన్నవి మామూలు భాషలో రాసి ఉండాలి. పదేళ్ల పిల్లవాడి తరఫున తల్లిదండ్రులు సంతకం పెడతారు. అతడికి పద్దెనిమిది వచ్చాక మళ్లీ అడగడం నిర్వాహకులకు పెద్ద శ్రమ కాదు.

ఫొటోలు తీసుకోవచ్చా?

మీ కోసం తీసుకోండి. అమ్మకానికో ప్రకటనకో వాడాలంటే ముందు అనుమతి కనుక్కోండి. అమెరికా చట్టంలో బహిరంగంగా కనబడే భవనాల ఫొటోలకు ఉన్న మినహాయింపు శిల్పాలకు లేదు.

చూడడానికి వెళ్తే ఎలా చూడాలి?

చీకటి పడుతుండగా వెళ్లండి. పగలు నీళ్లూ పిల్లలూ గెలుస్తారు, రాత్రి ముఖాలు గెలుస్తాయి, సంధ్యవేళ రెండూ సమంగా ఉంటాయి. ఫోను జేబులో పెట్టి ఒక ముఖాన్ని పూర్తిగా ఐదు నిమిషాలు చూడండి. మొదటి నిమిషం విసుగ్గా ఉంటుంది, రెండో నిమిషంలో ఆ మనిషి ఉద్యోగం ఏమై ఉంటుందా అని ఊహించడం మొదలుపెడతారు, ఆ తర్వాత అదీ మానేస్తారు. ఒకసారి మడుగు మధ్యకు వెళ్లి నిలబడండి. ఇటు ఒకరు, అటు ఒకరు, మధ్యలో మీరు. తడుస్తారు కాబట్టి చెప్పులు విప్పడం మంచిది.